22 నెలల పాపతో 14 గంటల ఫ్లైట్, అదీ నేనొక్కదాన్నే. ఎలా ఆడించాలి?

పాపాయి_అమ్మ

అందరికీ నమస్తే. వచ్చే నెల మా పాపని తీసుకుని ఫ్లైట్ ఎక్కాలి. మొదటిది 14 గంటలు, దిగాక మూడు గంటలు ఎయిర్‌పోర్టులో వెయిటింగ్, ఆ తర్వాత ఇంకో నాలుగు గంటల ఫ్లైట్. మా ఆయనకి సెలవు దొరకలేదు, తను రెండు నెలల తర్వాత వచ్చి కలుస్తారు, కాబట్టి వెళ్లేటప్పుడు నేనొక్కదాన్నే, తిరిగొచ్చేటప్పుడు ఇద్దరం. పాపకి అప్పటికి 22 నెలలు నిండుతాయి. ఒక్క చోట కూర్చోదు. ఈ వయసులో ఎవరూ కూర్చోరని నాకూ తెలుసు, కానీ ఇది తినేటప్పుడు కూడా రెండు ముద్దలకోసారి లేచి ఇల్లంతా ఓ రౌండ్ కొట్టి వస్తుంది, నేను గిన్నె పట్టుకుని వెనకాల.

సీటు విడిగా తీసుకోలేదు, ఒళ్లో కూర్చోబెట్టుకునే టికెట్టే. బాసినెట్ (ముందు వరసలో గోడకి తగిలించే చిన్న ఉయ్యాల) కావాలని రిక్వెస్ట్ పెట్టాను, ఇంకా కన్ఫర్మ్ కాలేదు.

ఎక్కడ వెతికినా బొమ్మల లిస్టులే కనిపిస్తున్నాయి, ఇది కొనండి అది కొనండి అని. ఒక చేత్తో పాప, భుజాన బ్యాగు, ఇంకో చేతిలో పాస్‌పోర్టులు, ఆ బొమ్మలన్నీ ఎవరు మోస్తారు చెప్పండి. నిజంగా పిల్లలతో వెళ్లొచ్చినవాళ్లు ఏం చేశారో చెప్తే చాలు. ఇంకా, ఫోన్ చూపించొచ్చా? ఇంట్లో వీడియో కాల్స్ తప్ప పెద్దగా అలవాటు చెయ్యలేదు, ఇప్పుడు చూపిస్తే ఇక వదలదేమో అని భయం. దగ్గరివాళ్లొకరు జలుబు సిరప్ కొంచెం పట్టించెయ్, హాయిగా పడుకుంటుంది అంటున్నారు, అది మాత్రం నాకు మనసొప్పట్లేదు. చెవులు నొప్పెడతాయని కూడా విన్నా. కాస్త చెప్పండి ప్లీజ్, పడుకుంటే ఇదే ఆలోచన.


కిటికీసీటు_నాన్న

ముందు ఒక లెక్క చెప్తానండి, కాస్త ధైర్యం వస్తుంది. 14 గంటల ఫ్లైట్ అంటే 14 గంటలూ మీరు ఆడించాలని కాదు. ఈ వయసు పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి, రాత్రి బయల్దేరే ఫ్లైట్ అయితే అందులో సగమైనా లోపలే పడుతుంది, ముక్కలు ముక్కలుగానైనా సరే. ఎక్కి సర్దుకోవడం, టేకాఫ్, రెండు సార్లు తిండి, డైపర్లు, దిగే ముందు హడావిడి, ఇవన్నీ తీసేస్తే మీ చేతుల్లో మిగిలేది ఏ ఐదు గంటలో. అదీ ఒక్కసారిగా రాదు, అరగంట ఇక్కడ, ముప్పావుగంట అక్కడ. ఐదు గంటలు తక్కువేం కాదు లెండి, కానీ 14 అని తలుచుకుని ఇప్పట్నుంచే నిద్ర పాడుచేసుకోకండి.

ఇక బొమ్మలు. ఈ వయసులో ఏ బొమ్మయినా నాలుగైదు నిమిషాలు, బాగా నచ్చితే పది. అందుకని గొప్ప బొమ్మ కోసం వెతకడం వేస్ట్, ఎన్నిసార్లు బ్యాగులోంచి ఏదో ఒకటి కొత్తగా బయటికొచ్చింది అన్నదే లెక్క. మేం ఏం చేస్తామంటే చేతిలో పట్టేవి, బరువు లేనివి ఓ ఏడెనిమిది తీసుకుని ఒక్కోటి ఒక్కో చిన్న జిప్ కవర్లో వేస్తాం, వాటిలో సగం ఇంట్లో ఉన్నవే, ప్రయాణానికి రెండు వారాల ముందు కనబడకుండా దాచేస్తాం అంతే, మళ్లీ కనిపించేసరికి వాళ్లకవి కొత్తవే. ఒక కవర్ బయటికొస్తే అంతకుముందుది లోపలికెళ్లిపోవాలి, అన్నీ ఒళ్లో పరిచేశారంటే పావుగంటలో అన్నీ పాతబడిపోతాయి. జిప్పు పాపతోనే తీయించండి, అది లాగడానికే రెండు నిమిషాలు పడుతుంది, ఆ రెండు నిమిషాలు మీకు ఫ్రీ.

మా దగ్గర పాసైనవి చెప్తా. కాస్త ఉబ్బెత్తుగా ఉండి పీకి మళ్లీ అతికించుకునే స్టిక్కర్లు, ట్రే మీద, కిటికీ మీద, నా బుగ్గ మీద ఎక్కడైనా అంటుకుంటాయి, పీకితే జిగురు మిగలదు. నీళ్ల పెన్నుతో రుద్దితే బొమ్మ కనబడి ఆరిపోగానే మళ్లీ తెల్లబడే పుస్తకం, విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి చకచకా ఆరిపోయి ఒకే పేజీ ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు. ఇంకోటి పెయింటింగ్ పనుల్లో వాడే కాగితం టేపు, మాస్కింగ్ టేప్ అంటారే అది. దీన్ని తక్కువ అంచనా వెయ్యకండి. ట్రే మీద రోడ్డు వెయ్యొచ్చు, వేళ్లకి చుడితే పీక్కోవడం ఒక ఆట, టేపు కింద చిన్న కాగితం ముక్క దాచి తియ్యమంటే ఇంకో ఆట, బరువు కూడా ఏమీ ఉండదు, పైగా సీటు పక్కన పాప చెయ్యి దూర్చే సందు ఏదైనా ఉంటే దాన్ని మూసెయ్యడానికి కూడా పనికొస్తుంది.

ఫెయిలైనవి: గుండ్రంగా ఉన్నవన్నీ. బంతులు, చక్రాల కార్లు, మామూలు క్రేయాన్లు, అన్నీ దొర్లుకుంటూ మూడు వరసల వెనక్కి పోతాయి. క్రేయాన్లు కావాలంటే మూడు పలకలవి దొరుకుతాయి, అవి దొర్లవు. పది ముక్కల పజిల్ కూడా వద్దు, తొమ్మిదే దిగుతాయి. బాగా చిన్న ముక్కలైతే అసలే వద్దు, టాయిలెట్ పేపర్ చుట్ట మధ్యలో ఉండే అట్ట గొట్టం ఉంటుంది కదా, అందులోంచి జారిపోయే సైజు వస్తువేదైనా ఈ వయసులో గొంతుకి అడ్డం పడేదే. అయస్కాంతాలు, బటన్ బ్యాటరీ మూత ఊడొచ్చేవి కూడా ఇంట్లోనే వదిలెయ్యండి, సీట్లో చీకట్లో ఏం నోట్లో పెట్టుకుందో కనబడదు.

ఒక విచిత్రమైన సలహా, నవ్వకండి. సీట్ బెల్ట్ బకిల్‌తో ఆడనివ్వకండి. క్లిక్ క్లిక్ అంటూ భలే ఎంజాయ్ చేస్తారు, మనకీ హాయిగా ఉంటుంది, కానీ తియ్యడం ఒకసారి నేర్చుకున్నాక కుదుపుల్లో బెల్ట్ సైన్ వెలిగినప్పుడు ఊడదీస్తూనే ఉంటారు.


చార్జర్_మర్చిపోయా

ఇంత ఎందుకు బ్రో, ఫోన్ ఇచ్చెయ్యడమే. ఒక్కరోజుకి ఏం కాదు.


వార్డు_అక్క

నేను పిల్లల వార్డులో నర్సుని. సిరప్ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే ఇది ప్రతి సెలవుల సీజన్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. వద్దమ్మా. మీ మనసుకి తోచిందే కరెక్టు. జలుబు మందుల్లో మత్తు తెప్పించే యాంటీహిస్టమిన్లు ఉంటాయి, అమెరికాలో మందుల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అయితే రెండేళ్ల లోపు పిల్లలకి ఈ రకం జలుబు, దగ్గు మందులు వాడొద్దనే చెప్పింది, చాలా సీసాల మీద నాలుగేళ్ల లోపు వద్దని, బిడ్డని నిద్రపుచ్చడానికి వాడొద్దని రాసే ఉంటుంది. ఊపిరి మందగించే ప్రమాదం ఒకటైతే, కొందరు పిల్లల్లో సరిగ్గా తిరగబడుతుంది, నిద్ర రాకపోగా ఇంకా ఉద్రేకపడి గంటల తరబడి ఏడుస్తారు. ఆకాశంలో ఉండగా అది జరిగితే ఎవరేం చేస్తారు. మీ పిల్లల డాక్టర్ వేరే కారణానికి రాసిచ్చిన మందు ఉంటే అది ఆయన చెప్పిన డోసులో పాపకి వెయ్యండి, అంతకు మించి ఏదీ వద్దు.

చెవుల గురించి. చెవి మధ్య భాగం నుంచి గొంతు వెనక్కి ఒక సన్నటి గొట్టం ఉంటుంది, పిల్లల్లో అది ఇంకా సన్నగా, పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టి తొందరగా తెరుచుకోదు. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే ఎక్కువ నొప్పి, ఎందుకంటే బయట ఒత్తిడి పెరుగుతుంటే గాలి లోపలికి వెళ్లాలి, ఆ గొట్టం మూసుకుని ఉంటుంది. మింగినప్పుడల్లా అది తెరుచుకుంటుంది. అంటే మీకు కావాల్సింది వరసగా మింగించడం. పాలో నీళ్లో స్ట్రాతో, సిప్పర్‌తో ఏదైనా సరే, ఒక్కసారిగా కాకుండా గుక్క గుక్క. ల్యాండింగ్‌కి అరగంట ముందు నుంచే విమానం దిగడం మొదలవుతుంది, మీరు చక్రాలు కిందికి దిగిన చప్పుడు విని మొదలుపెడితే ఆలస్యం అయిపోతుంది. ఆ టైముకి గాఢంగా నిద్రపోతుంటే మెల్లగా లేపడమే మంచిది, నిద్రలో మింగడం తక్కువ. జలుబు గట్టిగా ఉన్నా, చెవి ఇన్‌ఫెక్షన్ ఉన్నా ప్రయాణానికి ముందు డాక్టర్‌కి చూపించండి.

సిప్పర్ అన్నాను కదా, ఒక చిన్న సంగతి. కింద నింపి మూత బిగించిన స్ట్రా సీసాని పైన తెరిస్తే నీళ్లు చిమ్ముతాయి. లోపలి ఒత్తిడి 6000 నుంచి 8000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంచుతారు, సీసాలో బిగిసిన గాలి అక్కడ వ్యాకోచించి నీళ్లని స్ట్రాలోంచి తోసేస్తుంది. పైకెళ్లాక ఒకసారి మూత మొత్తం వదులు చేసి, మళ్లీ బిగించి ఇవ్వండి. లేదంటే పక్కాయన షర్టు మీద పడుతుంది.

ఫోన్ విషయంలో మీరు అపరాధభావం పెట్టుకోవద్దు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016లో ఇచ్చిన సూచనల్లో 18 నెలల లోపు వీడియో కాల్స్ తప్ప స్క్రీన్ వద్దని, 18 నుంచి 24 నెలలకి చూపిస్తే మంచివి ఎంచుకుని పక్కన కూర్చుని కలిసి చూడమని ఉంది. ఏడుపు ఆపడానికి స్క్రీనే మందు అన్నట్టు అలవాటు చెయ్యొద్దని కూడా రాశారు, కానీ అక్కడే విమాన ప్రయాణం, హాస్పిటల్లో ఏదైనా ప్రొసీజర్ లాంటి సందర్భాలు వేరని, అప్పుడు ఉపయోగపడుతుందని ఒప్పుకున్నారు. కాబట్టి డాక్టర్లే ఒప్పుకున్న మినహాయింపు ఇది.


బుడ్డోడి_పెద్దమ్మ

అందరూ ఆటల గురించే చెప్తున్నారు, సీటు సంగతి ఎవరూ అడగట్లేదేంటి. పాపాయి అమ్మా, పాప బరువెంత? బాసినెట్ మీద ఆశ పెట్టుకోకండి. ఎయిర్‌లైన్‌ని బట్టి లిమిట్ మారుతుంది కానీ చాలా వాటిలో 10 కిలోల నుంచి 14 కిలోల మధ్యే ఉంటుంది, బరువు సరిపోయినా పొడుగు సరిపోదు, ఈ వయసుకి 80 సెంటీమీటర్లు దాటేసి ఉంటారు, కాళ్లు బయటికొచ్చేస్తాయి. పైగా బెల్ట్ సైన్ వెలిగినప్పుడల్లా అందులోంచి తీసి ఒళ్లో పెట్టుకోమంటారు, కష్టపడి పడుకోబెట్టిన పిల్లని లేపడం ఎంత నరకమో నేను చెప్పక్కర్లేదు.

బాసినెట్ ఉండే ముందు వరసలో ఇంకో తలనొప్పి, అక్కడ ట్రేలు చేతుల పక్కన హ్యాండిల్‌లో మడిచి ఉంటాయి కాబట్టి ఆ హ్యాండిల్ పైకి లేవదు, పాపని పక్క సీటు మీదకి వాల్చి పడుకోబెట్టలేరు. ముందు సీటు లేదు కాబట్టి బ్యాగు పెట్టుకోవడానికి కింద చోటుండదు, టేకాఫ్‌కి, ల్యాండింగ్‌కి బ్యాగు పైన అరలో పెట్టాల్సిందే, ఆ టైములోనే మీకు బొమ్మల కవర్ కావాలి. కాళ్ల దగ్గర కాస్త నిలబడే జాగా ఉంటుంది, అదొక్కటే లాభం.

అన్నిటికంటే ముఖ్యమైనది, రిటర్న్ ఎప్పుడు? ఒళ్లో కూర్చోబెట్టుకునేది రెండేళ్లు నిండేవరకే. తిరిగొచ్చే రోజుకి రెండో పుట్టినరోజు దాటిపోతే దానికి సొంత సీటు ఉండాల్సిందే, ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాక తెలిస్తే అప్పటికప్పుడు కొనమంటారు.


పాపాయి_అమ్మ

అయ్యో, రిటర్న్‌కి రెండేళ్లు దాటిపోతాయండీ. బుకింగ్‌లో రెండు వైపులా ఇన్‌ఫెంట్ అనే ఉంది, ఎవరూ ఏం అనలేదు. పొద్దున్నే ఫోన్ చేస్తా. చాలా థాంక్స్. పాప 11 కిలోల దాకా ఉంది. మరి వెళ్లేటప్పుడు కూడా సీటు కొనేయమంటారా?


బుడ్డోడి_పెద్దమ్మ

డబ్బు సర్దుబాటు అయితే కొనండి, రెండో ఆలోచన వద్దు. 14 గంటలు 11 కిలోలు ఒళ్లో, మీరొక్కరే, మీరు తినడానికి ట్రే కూడా దించలేరు. సేఫ్టీ కోసం కూడా అదే మేలు, గట్టి కుదుపు వస్తే చేతులతో పట్టుకుని ఆపడం మనిషి వల్ల కాదు. కార్ సీటు పెట్టాలనుకుంటే దాని మీద విమానంలో వాడొచ్చని స్టిక్కర్ ఉండాలి, కిటికీ పక్కన పెట్టమంటారు, ఎవరి దారికీ అడ్డం కాకుండా. వెడల్పు ముందే కనుక్కోండి. దానికి అలవాటైన పిల్లలైతే అందులో కూర్చోగానే కార్లో ఉన్నట్టే నిద్రపోతారు.

కొనలేకపోతే కిటికీ సీటు తీసుకుని, పక్కన మధ్య సీటు ఖాళీగా ఉన్న వరస ఉంటే అక్కడికి మార్చమని చెక్-ఇన్‌లో, గేట్ దగ్గర మళ్లీ ఒకసారి అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. ఒళ్లో ఉండే పిల్లలకి అదనంగా ఒక ఆక్సిజన్ మాస్క్ ఉండే వరసల్లోనే ఇస్తారు కాబట్టి వాళ్లు కుదరదంటే కొన్నిసార్లు కారణం అదే. నడిచే దారి పక్క సీటు మాత్రం వద్దే వద్దు, పాప చెయ్యి బయటికి చాస్తుంది, బండి తగులుతుంది, పైనుంచి వేడి టీ కాఫీలు వెళ్తుంటాయి.


ముందు_వరస_బాధితుడు

నాకు పిల్లల్లేరు, ఎప్పుడూ పిల్లల ముందు సీట్లో పడే బాపతు. మా వైపు నుంచి కూడా రెండు ముక్కలు. ఏడుపుకి ఎవరూ ఏం అనుకోరు, నిజంగా, ఒకటి రెండు మొహాలు చిట్లుతాయి అంతే, మీరు అటు చూడకండి. మనుషుల్ని పిచ్చెక్కించేది సీటు వెనక తన్నడం, ఇంకా సౌండ్ పెట్టి వీడియోలు చూడటం. షూ విప్పేస్తే తన్నులు సగం తగ్గుతాయి, గమనించారో లేదో ట్రే మూసి తెరిచినప్పుడల్లా ఆ దెబ్బ కూడా ముందువాడి వీపు మీదే పడుతుంది, దాన్ని ఆటగా మార్చకండి. మాటలు, పాటలు వచ్చే బొమ్మలు దయచేసి తేవద్దు. మిగతాదంతా ఓకే. సీట్ల సందులోంచి దొంగాట ఆడటానికి వచ్చినా ఓకే, మాకూ టైమ్ పాస్ అవుతుంది.


కిటికీసీటు_నాన్న

హహ, ఆ దొంగాట మీద మేం అరగంట లాగాం ఒకసారి. పక్కవాళ్లు ఒప్పుకుంటే అంతకు మించిన బొమ్మ లేదు.


రెండు_చేతులు_చాలవు

నేను కూడా ఒక్కదాన్నే తీసుకెళ్తుంటా, కాబట్టి ఒంటరిగా ఉన్నప్పుడు ఏమైతదో అది చెప్త.

మొట్టమొదటిది, తొందరగా ఎక్కకు. పిల్లలున్నోళ్లు ముందు రండి అని పిలుస్తరు, అందరూ సంబరంగా పోతరు, పోయి ఏం చేస్తరు, విమానం కదిలేలోపు అరగంట, ముప్పావుగంట ఆ సీట్లోనే, నీ 14 గంటలకి ఇంకో గంట కలిసినట్టు. ఇద్దరు ఉంటే ఒకరు లగేజ్ తీసుకుని ముందు పోవాలె, ఇంకొకరు పిల్లని ఆఖరి పిలుపు దాకా గేట్ దగ్గర ఉరికియ్యాలె. ఒక్కదానివే కాబట్టి నీకు పైన అరలో జాగా కావాలంటే మరీ చివరికి పోలేవు, అందుకే పెద్ద బ్యాగు చెక్-ఇన్‌లో వేసెయ్, వీపుకి తగిలించుకునే బ్యాగు ఒక్కటే ఉంచుకో, సీటు కింద పట్టేది. అప్పుడు ఎంత లేటుగా ఎక్కినా ఫికర్ లేదు. స్ట్రోలర్ గేట్ దాకా తీసుకుపోయి అక్కడ ఇచ్చెయ్యొచ్చు, కానీ మధ్యలో దిగేకాడ చేతికిస్తరా లేక ఆఖరి ఊళ్లోనే ఇస్తరా అడుగు, ఆ మూడు గంటలు అది లేకపోతే నీ నడుం విరుగుతది.

ఎక్కే ముందు డైపర్ మార్చు. విమానంలో అన్ని టాయిలెట్లల్లో మార్చే బల్ల ఉండదు, తలుపు మీద పాప బొమ్మ ఉన్నదే చూసుకో. బ్యాగు మొత్తం మోసుకుని పోకు, ఒక డైపర్, వైప్స్, ఒక కవర్ విడిగా చిన్న సంచిలో పెట్టుకుంటే అదొక్కటే పట్టుకుని పోవచ్చు. బట్టలు పాపకి రెండు జతలు, నీకు ఒక టాప్. నీకు కూడా అన్న, మర్చిపోకు.

నువ్వు బాత్రూంకి పోవాలంటే? ఇది ఎవరూ చెప్పరు. పాపని తీసుకునే పోవాలె, లేదంటే పక్కన కూర్చున్న అమ్మనో అక్కనో చూసి ఎక్కినప్పుడే నాలుగు మాటలు కలిపి పెట్టుకో, అవసరం పడ్డప్పుడు కొత్తగా ఉండదు. స్టాఫ్‌ని అడిగినా తిండి పెట్టే టైం కాకపోతే ఎవరో ఒకరు చూస్తరు.

పిల్లల తిండి ముందే ఆర్డర్ చెయ్, 24 గంటల ముందు అయినా చెప్పాలె, అది పెద్దోళ్ల కంటే ముందు తెచ్చిస్తరు కాబట్టి పాపకి తినిపించి అయ్యేసరికి నీది వస్తది. ఒళ్లో టికెట్‌కి అన్ని ఎయిర్‌లైన్లు తిండి ఇయ్యవు, కనుక్కో. ఏమైనా నీ దగ్గర పాపకి అలవాటైనవి ఉండాల్సిందే. సెక్యూరిటీ దగ్గర చేతి బ్యాగులో నీళ్లలాంటి వాటికి ఉండే 100 ఎంఎల్ రూలు పిల్లల పాలకి, తిండికి ప్రయాణానికి సరిపడా వరకు వర్తించదు, కానీ బయటికి తీసి చూపియ్యాలె. తినిపించడం కూడా ఆటే అనుకో. డబ్బాలో చిన్న చిన్న గదులు ఉండేది తీసుకుని ఒక్కో గదిలో నాలుగే నాలుగు ముక్కలు పెట్టినవనుకో, మూత తీసుడు, ఏరుకునుడు, మళ్లీ మూసుడు, ఇరవై నిమిషాలు పోతది. చక్కెరవి మాత్రం ఆఖరికి.

నడిపియ్యడం. బెల్ట్ సైన్ ఆరినప్పుడు గంటకోసారి లేపి వెనక కిచెన్ దాకా పోయిరా, అది ఏడ్వకముందే లేపాలె. ఏడ్చినాక లేపితే ఏడిస్తే లేపుతరు అని నేర్చుకుంటది. అక్కడ నిలబడి అటు ఇటు ఊగినా చాలు. బండ్లు తిరిగే టైంలో పోకు, మధ్యలో ఇరుక్కుంటవు.

రాత్రి టైం అయినాక ఇంట్లో పడుకునే ముందు ఏం చేస్తవో అదే వరసలో అక్కడ చెయ్. నైట్ డ్రెస్ వెయ్, మూతి తుడువు, అదే కథ, అదే పాట చిన్నగా. ఇంట్లో కప్పుకునే దుప్పటి తెచ్చుకో, ఉతకకుండా, ఆ వాసన ఉండాలె. నేనైతే బొమ్మల కంటే ఆ దుప్పటికే ఎక్కువ మార్కులేస్త.


చార్జర్_మర్చిపోయా

సరే నేను కూడా సీరియస్‌గా చెప్తా, ఫోనే నా సబ్జెక్ట్ కాబట్టి. డౌన్‌లోడ్ చేసుకున్నాం అనుకుంటారు, పైకెళ్లాక లాగిన్ అడుగుతుంది లేదా గడువైపోయింది అంటుంది. ముందు రోజు ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒక్కో వీడియో నిజంగా ఓపెన్ అవుతుందా చూడండి. కొత్తవి పది కంటే తెలిసినవి మూడు మేలు, ఈ వయసులో వాళ్లకి అదే మళ్లీ మళ్లీ కావాలి. ఇంటి వీడియోలు, పాప సొంత వీడియోలు ఒక ఫోల్డర్లో పెట్టండి, వీటికి సౌండ్ కూడా అక్కర్లేదు, తనని తాను చూసుకుంటే ఎవరికైనా బోర్ కొట్టదు.

హెడ్‌ఫోన్స్ ఇప్పుడే ఇంట్లో అలవాటు చెయ్యాలి, రోజూ రెండు మూడు నిమిషాలు. అక్కడ మొదటిసారి పెడితే పీకి పారేస్తుంది. చెవిలో దూర్చేవి కాదు, తల మీద నుంచి వచ్చేవి, 85 డెసిబెల్స్ దగ్గర ఆగిపోయేవి పిల్లలకని వస్తాయి. విమానం మోతే దాదాపు ఆ లెవెల్లో ఉంటుంది కాబట్టి అందరూ వాల్యూమ్ పెంచేస్తారు, పెంచకండి. సీటు స్క్రీన్‌కి బ్లూటూత్ చాలా విమానాల్లో కలవదు, వైర్ ఉన్నది కావాలి.

పవర్ బ్యాంక్ చెక్-ఇన్ బ్యాగులో వెయ్యకూడదు, చేతి బ్యాగులోనే. 100 వాట్ అవర్స్ (బ్యాటరీ కెపాసిటీ కొలత) లోపుదైతే మామూలుగా ప్రాబ్లం లేదు, ఈమధ్య కొన్ని ఎయిర్‌లైన్లు లోపల దాంతో చార్జింగ్ పెట్టనివ్వట్లేదు, పైన అరలో కూడా పెట్టొద్దంటున్నాయి. అందుకని ఎక్కే ముందే అన్నీ ఫుల్ చార్జ్.

ఎప్పుడు ఇవ్వాలంటే, మొదట్లో కాదు. అక్కడ మాత్రం నేను ఒప్పుకుంటా. ఎక్కగానే ఇచ్చేశారంటే ఆ తర్వాత స్టిక్కర్లు ఎవరికి కావాలి. స్టిక్కర్లు, టేపు, నడక, తిండి అన్నీ అయిపోయి మీ ఓపిక కూడా అయిపోయినప్పుడు, ఆఖరి రెండు గంటల్లో తీయండి.


పాపాయి_అమ్మ

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. అప్‌డేట్: ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేశా, రిటర్న్‌కి పాప సీటు కట్టాల్సిందేనన్నారు, కట్టేశా. వెళ్లేటప్పుడు కూడా తీసేసుకున్నా, మా ఆయన లెక్కలు వేసి కాసేపు గమ్మున ఉండి సరే అన్నారు. కిటికీ సీటు పాపకి, మధ్యది నాకు. హెడ్‌ఫోన్స్ ఇవాళ పెట్టి చూస్తే నెత్తి మీద టోపీలా పెట్టుకుని తిరుగుతోంది, చెవుల మీదకి రానివ్వట్లేదు. ఇంకా టైం ఉంది కదా.

ఒక్కటే డౌట్. ఆ మధ్యలో మూడు గంటలు పడుకోబెట్టనా, ఆడించనా? అక్కడ తెల్లవారుజాము అవుతుంది.


రెండు_చేతులు_చాలవు

ఆడించు. కార్పెట్ ఉన్న ఖాళీ గేట్ ఒకటి చూసుకుని, ఆ టైంకి ఖాళీవే ఉంటయి, చెప్పులు తీసేసి ఉరకనియ్. కిటికీ వెలుతురు పడేకాడ అయితే ఇంకా మంచిది, వెలుతురు ఉంటే మెలకువగా ఆడుకుంటది. ఒంట్లో గడియారం కొత్త టైంకి రోజుకి సుమారు గంట చొప్పునే జరుగుతది, కాబట్టి దిగినాక వారం పది రోజులు రాత్రి మూడింటికి లేచి కూర్చుంటే బెదిరిపోకు. మూడు గంటలు ఉరికితే ఆ నాలుగు గంటల ఫ్లైట్‌లో టేకాఫ్ కాకముందే నిద్రలో పడిపోతది.


వార్డు_అక్క

నాలుగు గంటల ఫ్లైట్‌లో కూడా దిగే ముందు లేపి తాగించడం మర్చిపోవద్దమ్మా, పెద్ద ఫ్లైట్ అయిపోయింది కదా అని చాలామంది ఇక్కడ వదిలేస్తారు. ఇంకా ఒక జిప్ కవర్ తెరవకుండా ఉంచండి. దిగాక ఇమిగ్రేషన్ లైన్ ఉంటుంది, బ్యాగుల దగ్గర నిలబడాలి, అప్పటికి వీడియోలన్నీ అయిపోయి ఉంటాయి, అక్కడ మీకు దొరికే పది నిమిషాలు ఆ కవర్ లోవే.